ఉద్వేగ సమస్యలున్న పిల్లల విషయంలో వ్యక్తిత్వ పరీక్షలను ఎంతవరకు నమ్మవచ్చు?

మాలతి:
ఉద్వేగ సమస్యలున్న పిల్లలకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, దాని ఫలితాన్ని బట్టి చికిత్సనో తరగతి మార్పునో నిర్ణయించడం నాకు సమ్మతం కాదు. 1987లో మనస్తత్వవేత్త అకెన్‌బాక్, ఆయన సహచరులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను క్రోడీకరించి చూస్తే, ఒకే బిడ్డ గురించి తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల వంటి వేర్వేరు పెద్దలు ఇచ్చిన జవాబుల మధ్య సగటు సహసంబంధం (జవాబులు ఎంతవరకు కలుస్తాయో చెప్పే అంకె; పూర్తిగా కలిస్తే 1) 0.28 మాత్రమే ఉంది. పిల్లలు చెప్పినదానికీ పెద్దలు చెప్పినదానికీ మధ్య అది 0.22. దీన్ని కొలత అని ఎలా అనగలం?

సుధాకర్:
మాలతి గారూ, అంకెలు సరైనవే. అయితే తల్లీ తండ్రీ వంటి ఒకే స్థానంలో ఉన్నవారి మధ్య సహసంబంధం 0.60 అని కూడా అదే పరిశీలన తేల్చింది. ఇంట్లో చీటికీమాటికీ ఏడ్చి పంతం పట్టే పిల్ల తరగతిలో నోరు మెదపకపోవచ్చు. తల్లి కోపం దగ్గర, టీచరు ఒంటరితనం దగ్గర టిక్కు పెడితే ఇద్దరూ తాము చూసిందే రాసినట్టు. ఆ తేడాను పొరపాటుగా కొట్టేస్తే, పిల్ల ఎక్కడ ఎలా ఉంటోందన్న సమాచారమే పోతుంది. నా అసలు ఆందోళన పిల్లలు స్వయంగా నింపే ప్రశ్నావళుల గురించి. 14 నుంచి 18 ఏళ్ల వారికోసం 1992లో వచ్చిన ఎంఎంపీఐ-ఏ అనే వ్యక్తిత్వ ప్రశ్నావళిలో 478 వాక్యాలుంటాయి. నిస్పృహలో ఉన్న పిల్లవాడు సగం దాటాక చదవకుండానే గుర్తులు పెట్టుకుంటూ పోవచ్చు. అలాంటి పొంతనలేని జవాబులను పట్టుకునే స్కేళ్లు ఆ పరీక్షలోనే ఉన్నాయి కనుక, వాటిని చూడకుండా నివేదిక రాసేవారిని తప్పుపట్టాలి.

రమణి:
సిరా మరకల్లో ఏం కనిపిస్తోందో చెప్పించే రోర్షా పరీక్షకు ఈ సమర్థన వర్తించదు. 2000లో హామెల్, షాఫర్, ఎర్డ్‌బర్గ్ ప్రచురించిన అధ్యయనంలో 6 నుంచి 12 ఏళ్ల మధ్య ఉన్న, ఏ మానసిక సమస్యా లేని 100 మంది పిల్లలకు రోర్షా పరీక్ష పెట్టారు. అప్పటి ప్రమాణాలతో పోలిస్తే వారిలో చాలామంది తీవ్రమైన ఇబ్బందుల్లో ఉన్నట్టు కనిపించారు. ఇద్దరు నిపుణులు ఒకేలా మార్కులు వేసినంత మాత్రాన సప్రమాణత, అంటే కొలవాల్సినదాన్నే కొలిచే గుణం, వచ్చేయదు.

మాలతి:
సుధాకర్ గారూ, ఇద్దరు చూసింది వేరు కావచ్చునన్న మాట ఒప్పుకుంటాను. కానీ కుటుంబం చేతికి వచ్చే నివేదికలో ఆ వివరమేదీ ఉండదు. స్కోరు, దాని కింద ఒక ముద్ర మాత్రమే ఉంటాయి. ఎవరు జవాబిచ్చారు, పిల్ల ఆ రోజు ఏ స్థితిలో ఉంది, స్కోరులో కొలత దోషం ఎంత అన్నవి రాయనంతకాలం, ఆ కాగితాన్ని బట్టి ఏ పిల్లనూ తరగతి మార్చకూడదనే నేనంటాను.