లిపిడ్లను బృహదణువులతో కలిపి ఎందుకు చూపుతారు?

ప్రశ్న:
నమస్కారమండీ. నేను ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ విద్యార్థినిని. జీవకణాల్లోని ముఖ్యమైన కర్బన అణువులు కార్బోహైడ్రేట్లు, లిపిడ్లు (కొవ్వులు, నూనెల వంటివి), ప్రోటీన్లు, కేంద్రకామ్లాలు అని చదువుకున్నాను. గ్లూకోజ్ అణువులు వరుసగా కలిస్తే స్టార్చ్, అమైనో ఆమ్లాలు కలిస్తే ప్రోటీన్, న్యూక్లియోటైడ్లు కలిస్తే డీఎన్‌ఏ ఏర్పడతాయి. లిపిడ్లలో అలాంటి గొలుసు లేదు, చాలావాటి అణుభారం కూడా వెయ్యి డాల్టన్ల (అణుభారాన్ని కొలిచే ప్రమాణం) లోపే ఉంటుందంటారు. అయినా వాటిని బృహదణువుల (చాలా పెద్ద అణువుల) సరసన ఎందుకు చేర్చారు?

జవాబు 1:
మీ సందేహం సమంజసమైనదే. లిపిడ్లు పాలిమర్లు (చిన్న అణువులు గొలుసుగా కలిసి ఏర్పడేవి) కావు. వాటికి ఆ పట్టికలో చోటు దొరకడానికి కారణం వాటి నిర్మాణం కాదు, మనం వాటిని వేరుచేసే పద్ధతి. కణజాలాన్ని ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లంతో నూరి వడపోస్తే చక్కెరలు, అమైనో ఆమ్లాల వంటి చిన్న అణువులు ద్రవంతోపాటు దిగిపోతాయి. ప్రోటీన్లు, కేంద్రకామ్లాలు, స్టార్చ్ వంటి పాలీశాకరైడ్లు ఆమ్లంలో కరగక పైన మిగులుతాయి. కణత్వచాల్లో పొరలుగా అమరి ఉన్న లిపిడ్లు మాత్రం, నూరినప్పుడు ఆ త్వచాలు ముక్కలై నీటిలో కరగని చిన్న తిత్తులుగా మారడం వల్ల, విడివిడిగా చిన్న అణువులే అయినా ఆ మడ్డిలోనే ఉండిపోతాయి.

జవాబు 2:
పై వివరణకు ఒక మాట చేరుస్తాను. నాలుగు తరగతుల జాబితా వేరు, బృహదణువుల జాబితా వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూపడం వల్లనే ఈ చిక్కు వస్తోందని నా అభిప్రాయం. 180 డాల్టన్ల గ్లూకోజ్ కూడా కార్బోహైడ్రేటే, కానీ అది వడపోతలో కిందికి దిగిపోతుంది. ఇక లిపిడ్లను ఒకే తరగతిగా కలిపేది నిర్మాణం కన్నా నీటిలో సరిగా కరగని గుణమే. గ్లిజరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు చేరిన నూనె అణువుకూ, నాలుగు వలయాల కొలెస్టరాల్‌కూ రూపంలో పోలికే లేదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మరి పరీక్షలో ఏమని రాయాలి?

జవాబు 1:
"లిపిడ్లు నిజమైన బృహదణువులు కావు, అయితే ఆమ్లంలో కరగని భాగంలో లభిస్తాయి" అని రాసి, త్వచాలు తిత్తులుగా మారే సంగతిని ఒక వాక్యంలో చెప్పండి. రెండు మార్కుల ప్రశ్నకు అది చాలు.