సంక్రాంతి అరిసెల ఆర్డర్లు: ఎప్పటినుంచి చెప్పాలి?

మాది భీమవరం. ఇంట్లోనే అరిసెలు, సున్నుండలు చేసి అమ్ముతాను. పోయిన ఏడాది జనవరి 5న వాట్సాప్‌ స్టేటస్ పెట్టాను. భోగికి ముందు మూడు రోజుల్లో ఆర్డర్లన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. తడిపిండి చాలక పదకొండు మందికి లేదన్నాను. ఆ బాధ ఇంకా పోలేదు. ఈసారి ఎప్పుడు మొదలుపెట్టమంటారు?

జవాబు: ధనుర్మాసం రాగానే, అంటే డిసెంబర్ 16 ప్రాంతంలో పెట్టండక్కా. అమెరికా పంపించుకునేవాళ్లకు ఇంకా ముందే చెప్పాలి. సగం డబ్బు అడ్వాన్స్ తీసుకోండి.

జవాబు: ఫొటో కాదండీ, వీడియో పెట్టండి. పాకం నీళ్లలో ఉండకట్టడం, అరిసెను చెక్కల మధ్య నొక్కితే నెయ్యి కారడం చూపించాను. ఫోన్లు ఆగలేదు.

అడిగినవారు: మా అరిసెల చెక్కలు అత్తగారివి, నల్లగా నిగనిగలాడుతుంటాయి. అవే చూపిస్తాను. జనవరి 8 తర్వాత ఆర్డర్లు తీసుకోనని కూడా ముందే రాసేస్తాను.