పరుగూ సైకిలూ రెండూ ఒకే వారంలో చేసేవాళ్లు అనుభవాలు చెప్పండి

మియాపూర్_పరుగు:
నాకు 43 ఏళ్లు. ఆరేళ్లుగా పరుగెత్తుతున్నాను, ఎనిమిది హాఫ్ మారథాన్లు పూర్తి చేశాను. నిరుడు సైకిల్ కొన్నాను. మంగళ, గురువారాలు పరుగు, శనివారం సైకిల్, ఆదివారం మళ్లీ పెద్ద పరుగు. మూడు నెలలుగా కుడి మోకాలి చిప్ప ముందు వైపు నొప్పి. మెట్లు దిగుతుంటే గుచ్చుతుంది. రెండూ కొనసాగిస్తున్నవాళ్లు వారాన్ని ఎలా పంచుకుంటున్నారు? ఏదో ఒకటి మానాలా? ఇంకొక సంగతి. ఆగస్టులో హాఫ్ పరుగెత్తినప్పుడు నీళ్లు పెట్టిన ప్రతి చోటా ఆగి రెండేసి గ్లాసులు తాగాను. అయినా 17వ కిలోమీటరు దాటాక కళ్లు తిరిగి వాంతి అయింది. చివరిదాకా వెళ్లాను గానీ సాయంత్రం వరకు తలనొప్పి తగ్గలేదు.

నెక్లెస్_రోడ్_ఉదయం:
మోకాలి సంగతి తరువాత. మీకు నీళ్లు చాలలేదు, అంతే. ఆగస్టులో మన ఊళ్లో మబ్బు పట్టి ఉంటుంది, ఎండ లేదు కదా అనుకుంటాం. ఆ ఉక్కకు చెమట ఆరదు, బనియను పిండితే ధార కడుతుంది. గంటకు లీటరు తాగాలి. దాహం వేసిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. పదేళ్లుగా నేను పాటిస్తున్న పద్ధతి ఇది.

రాత్రి_డ్యూటీ_నర్సు:
దయచేసి ఈ సలహా ఎవరూ పాటించకండి. చెమటలో నీళ్లతో పాటు ఉప్పు కూడా పోతుంది. పోయినదానికంటే ఎక్కువగా వట్టి నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వికారం, వాంతి, ముదిరితే మూర్ఛ, ప్రాణం మీదికి కూడా వస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తగ్గి ఉంది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవాళ్లలోనే అది ఎక్కువగా కనిపించింది. మియాపూర్ గారూ, మీకు జరిగింది అదేనని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఒంట్లో వేడి పెరిగినా ఇవే లక్షణాలు. ఈసారి సాధనకు ముందు ఒకసారి, తరువాత ఒళ్లు తుడుచుకుని ఒకసారి బరువు చూసుకోండి. పెరిగితే ఎక్కువ తాగినట్టే.

నెక్లెస్_రోడ్_ఉదయం:
బోస్టన్‌లో పరుగు ఏప్రిల్‌లో, చలి వాతావరణంలో. ఆ లెక్క తెచ్చి మన ఉక్కకు అంటగడతారా? నా కళ్ల ముందే ఫ్లైఓవర్ ఎక్కుతూ ఇరవై ఏళ్ల కుర్రవాడు కుప్పకూలాడు. వాడి పెదవులు అట్టగట్టి ఉన్నాయి. ఎత్తుకుని నీడకు మోసింది నేను. నీళ్లు తక్కువ తాగమని చెప్పే ముందు ఆ ముఖం ఒకసారి చూడాలి మీరు.

రాత్రి_డ్యూటీ_నర్సు:
తక్కువ తాగమని నేను ఎక్కడ రాశాను? దాహాన్ని బట్టి తాగమంటున్నాను. ఐదడుగుల మనిషికీ ఆరడుగుల మనిషికీ, రెండు గంటల్లో ముగించేవారికీ మూడు గంటలు పట్టేవారికీ ఒకే లీటరు ఎలా సరిపోతుంది? అటువంటి ముఖాలు నేను వార్డులో చూస్తూనే ఉంటాను.

నాలుగు_బ్రెవేలు:
ఇద్దరూ శాంతించండి. ఒకే ఏడాదిలో 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ యాత్రలు, పూర్తి చేసినవాడిగా చెబుతున్నాను. 600కు గడువు 40 గంటలు. అంతసేపు సీటు మీద ఉంటే ఒళ్లే అన్నీ నేర్పుతుంది. సైకిల్ మీద గాలికి చెమట వెంటనే ఆరిపోతుంది, ఎంత పోయిందో తెలియదు. రెండో రోజు చొక్కా మీద తెల్లటి చారలు తేలితే తెలుస్తుంది. నేను ఒక సీసాలో నీళ్లు, ఇంకో సీసాలో ఉప్పు వేసిన పలచటి మజ్జిగ పెట్టుకుంటాను. మజ్జిగ మూడు గంటల్లో ముగించాలి, లేకపోతే పులిసిపోతుంది. ఓఆర్‌ఎస్ అయితే పొట్లం మీద రాసినన్ని నీళ్లే పోయాలి. రుచి కోసం సగం నీళ్లలో కలిపేవాళ్లను చూశాను, అది ఇంకా ప్రమాదం.

గండిపేట_గాలి:
600 బ్రెవే అన్నారు కాబట్టి అడుగుతున్నాను, రాత్రి ఎక్కడ పడుకుంటారు? మేమిద్దరం ఒకసారి సొంతంగా శ్రీశైలం బయలుదేరాం. రెండు పంక్చర్లయి, మన్ననూరు చేరేసరికి రాత్రి 9 దాటింది. అడవి దారి మూసేశారు, మళ్లీ ఉదయం 6కే. ఒక దుకాణం అరుగు మీద సైకిళ్లకు కాళ్లు ఆనించి పడుకున్నాం. తెల్లవారి గేటు తెరిచాక ఆ చెట్ల మధ్య తొక్కిన మొదటి గంట నాకు జీవితాంతం చాలు. నెమలి ఒకటి దారికి అడ్డంగా నడిచి వెళ్లేదాకా ఇద్దరం బ్రేకులు పట్టుకుని నిలబడ్డాం.

టీచరమ్మ_5గంటలు:
మీ అరుగు కబుర్లు బాగున్నాయి. నాకు ఆ అరుగు లేదు. బడికి వెళ్లేలోపు పరుగెత్తాలంటే ఐదింటికి బయలుదేరాలి, ఆ వేళకు మా వీధిలో ఏడు కుక్కలు. కేబీఆర్ పార్కు చుట్టూ బాటకు వెళితే మనుషులుంటారు గానీ అక్కడిదాకా చేరాలి కదా. నిరుడు పిక్క పట్టుకుంది ఒకటి. టీకాలన్నీ వేయించుకున్నాను, నెల రోజుల తరువాత మళ్లీ బూట్లు కట్టాను. అత్తయ్య గారు వద్దనలేదు, గేటు దగ్గర నిలబడి వీధి మలుపు దాటేదాకా చూస్తారు. ఒంటరిగా పరుగెత్తే ఆడవాళ్ల గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడరెందుకు?

గండిపేట_గాలి:
మేడమ్, నిజమే, ఆ మాట మేము ఎత్తలేదు. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి, వీపు చూపించకండి. సైకిల్ అయితే దిగి దాన్ని అడ్డం పెట్టుకోవాలి. ఆదివారాలు నార్సింగి నుంచి కొల్లూరు వైపు, పైన సోలార్ పలకల కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీద మా చెల్లెలు, ఆమె స్నేహితులు వస్తారు. మీరూ రండి.

నెక్లెస్_రోడ్_ఉదయం:
ఆ ట్రాక్ ఊసెత్తకండి. 2023లో తెరిచినప్పుడు నానక్‌రామ్‌గూడ వైపుతో కలిపి 23 కిలోమీటర్లు, నాలుగున్నర మీటర్ల వెడల్పు అని ఎంత మురిసిపోయాను! ఇప్పుడు నలుగురు వరుసగా చేతులు పట్టుకుని నడుస్తారు. చెవుల్లో పాటలు, గంట కొట్టినా వినరు.

టీచరమ్మ_5గంటలు:
నడిచేవాళ్లకు వేరే చోటు ఏదీ? వాళ్లూ లారీలకు భయపడే అక్కడికి వస్తున్నారు.

కోఠి_సైకిల్_షాపు:
మా నాన్న గారి కాలం నుంచి సైకిళ్లు బాగుచేస్తున్నాం. మోకాలి ముందు నొప్పి అని అడిగితే సీటు ఎత్తు ఎవరూ అడగలేదు. గోడకు చేయి ఆనించి సీటు మీద కూర్చోండి. మడమ పెడల్ మీద పెట్టి కిందికంటా తొక్కితే కాలు తిన్నగా రావాలి. అప్పుడు ముందరి పాదంతో తొక్కేటప్పుడు మోకాలు కాస్త వంగి ఉంటుంది. మడమ పెట్టినా మోకాలు వంగిందంటే సీటు కిందికి ఉంది, బరువంతా చిప్ప మీద పడుతుంది. ఒకేసారి ఎత్తేయకండి, అర సెంటీమీటరు చొప్పున. బరువు గేరులో ఎత్తు ఎక్కడం కూడా మానండి.

మియాపూర్_పరుగు:
షాపు గారూ, చూశాను. మడమ పెట్టినా మోకాలు బాగా వంగుతోంది. అర సెంటీమీటరు ఎత్తాను. నర్సు గారూ, నిన్న 16 కిలోమీటర్ల ముందు 71.2 కిలోలు, తరువాత 70.4. దాహమైనప్పుడే తాగాను, అర లీటరు అయి ఉంటుంది. తలనొప్పి రాలేదు.

నెక్లెస్_రోడ్_ఉదయం:
ఇది డిసెంబరు. మే నెలలో బరువు చూసి చెప్పండి, అప్పుడు ఒప్పుకుంటాను.

రాత్రి_డ్యూటీ_నర్సు:
మేలో తప్పకుండా చూడాలి, అందులో మీ మాట సరైనదే. మియాపూర్ గారూ, సీటు ఎత్తాక కూడా మెట్ల మీద గుచ్చుతుంటే ఎముకల డాక్టరుకు చూపించండి. శనివారం సైకిల్, మర్నాడే పెద్ద పరుగు అన్నారు. ఆ రెండింటి మధ్య ఒక రోజు ఖాళీ వదలండి. సైకిల్‌ను బుధవారానికి మార్చగలరా?

మియాపూర్_పరుగు:
బుధవారం ఆఫీసు ఎనిమిదింటికే. నాలుగున్నరకు లేస్తే గంటన్నర దొరుకుతుంది. చూస్తాను.