బ్రెజిల్ ఫంక్ పాటల్లో ఆడవాళ్ల ‘నేను’ నిజంగా వాళ్లదేనా?

తాళపత్రం: రియో మురికివాడల్లో పుట్టిన నృత్య సంగీతం ఫంక్. ఆ పాటల్లో గాయనులు తమ ఒంటి గురించీ కోరిక గురించీ దాపరికం లేకుండా పాడతారు. 2022 మార్చిలో బ్రెజిల్ గాయని అనిట్టా పాట ‘ఎన్వాల్వెర్’ స్పాటిఫై ప్రపంచ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఇది స్త్రీ తన మీద తాను సంపాదించుకున్న అధికారమా, అంగడి సరుకా?

గోదారిగాలి: అది స్పానిష్ పాట. పైగా ఫంక్ కాదు, రెగెటాన్ అనే లాటిన్ నృత్య సంగీతం.

నీలాంబరి: ఏ భాషలో పాడినా ఆమె రియో శివారు పిల్ల. నాతో చిక్కుకుపోవద్దని మగవాడికి ముందే షరతు పెడుతుంది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే రియోలోని సిదాదె దె దెవుస్ వాడ నుంచి వచ్చిన ఫంక్ గాయని తాతి కెబ్రా బర్రాకు, తాను అనాకారినేనని, అయినా ఇప్పుడు తనదే ఫ్యాషన్ అని పాడింది. అందం లేదని ఒప్పుకుంటూనే తన కోరికను చాటుకునే నాయిక మన సినిమా పాటల్లో ఎక్కడుందో చూపండి.

సవ్యసాచి: 2017 డిసెంబరు నాటి అనిట్టా ఫంక్ పాట ‘వాయ్ మలాంద్రా’ వీడియో తీసింది అమెరికన్ ఫోటోగ్రాఫర్ టెర్రీ రిచర్డ్‌సన్. లైంగిక వేధింపుల ఆరోపణలున్న మనిషి కెమెరా పట్టుకుంటే ఇంక అధికారం ఎవరిది?

నీలాంబరి: అదే వీడియో మొదట్లో ఆమె పిరుదుల మీది కొవ్వు గుంటలను దిద్దకుండా అలాగే చూపారు.

సవ్యసాచి: నేనడిగింది కెమెరా సంగతి.

చలివేంద్రం: ఫంక్‌ను నేరంగా ప్రకటించాలని 2017లో 20 వేలకు పైగా సంతకాలు బ్రెజిల్ సెనేట్‌కు చేరాయి. అది చెల్లలేదనుకోండి. ఒకప్పుడు సాంబా వాళ్లనూ పోలీసులు ఇలాగే తరిమారు. కొందరికి కిట్టనిది బూతు కాదు, పేదల పాట.

సవ్యసాచి: 2018 జనవరిలో స్పాటిఫై తీసేసిన పాటా పేదలదే. ఆడపిల్లకు తాగించి, అనుభవించి, వీధిలో వదిలేయమంటుంది. దాన్నీ సమర్థిస్తారా?

నీలాంబరి: అది పాడింది మగవాడండీ! ఆడది తన కోరిక చెబితే, మగవాడి నేరం తెచ్చి ఆమె పక్కన నిలబెడతారేం? మా అపార్ట్‌మెంట్ వేడుకలో మేం నలుగురం ఇలాంటి పాటకు ఆడుతుంటే కమిటీ పెద్ద మధ్యలో ఆపించారు. అంతకు ముందు చిన్నపిల్లలు ఐటమ్ పాటకు నడుము తిప్పితే ఆయనే చప్పట్లు కొట్టారు. మీలాంటి వారే.

సవ్యసాచి: నన్ను ఆయనతో కలపకండి. మా అమ్మాయి డాన్స్ వీడియో పెట్టింది. కింద మగవాళ్లు రాసినవి చదివి నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. పాట ఎవరిదైతే నాకేం? చూసే కళ్లు మారలేదు.

నీలాంబరి: అయితే మీ తగవు ఆ కళ్లతోనే కదా. పాపం అనిట్టా మీద పడ్డారెందుకు? వీడియో తీసేయించారా?

సవ్యసాచి: తీసేయించాను. తప్పా?

నీలాంబరి: అమ్మాయి ఏమంది?

సవ్యసాచి: నాతో మాట్లాడటం లేదు. అయినా మళ్లీ పెడితే మళ్లీ తీసేయిస్తాను.