వరి విత్తనం నేరుగా మడిలోనే ఎద చల్లుదామా, ఉభాలకే (నాట్లకే) ఆగుదామా?

టెక్కలి శివారు:
మాది వంశధార ఎడమ కాలువ శివారు. నీళ్లు మా మడి దాకా వచ్చేసరికి ఆగస్టు గడిచిపోతోంది. అప్పటికి ఆకుమడిలో ఆకు ముదిరిపోయి ఉంటుంది. ముదురు ఆకుతో ఉభాలు చేస్తే పిలకలు ఏం వేస్తుంది? అందుకే ఈసారి మృగశిర తొలకరికే ఎద చల్లేస్తానంటున్నాను. దమ్ము ఖర్చు, ఉభాల కూలి రెండూ మిగులుతాయి. పంట కూడా వారం పది రోజులు ముందొస్తుంది. మా నాన్న మాత్రం మడిలో నీళ్లు నిలవకుండా వరేంటి అంటున్నాడు. మీరేమంటారు?

బూర్జ పల్లం:
తమ్ముడూ, మీ నాన్నగారి మాట కొట్టిపారెయ్యకు. నిలవ నీరు ముందు కలుపుని తొక్కిపెడుతుంది. ఎదలో వరితో పాటే ఊద గడ్డి మొలుస్తుంది, చిన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. ఆకు మొదట్లో సన్నటి తెల్లపొర ఉంటే వరి, లేకపోతే ఊద. ఎకరమంతా వంగి అలా చూసి పీకాలంటే ఉభాల కూలి ఎక్కడ మిగిలింది?

నాకు అంతకన్నా టెన్షన్ పూత గురించి. స్వర్ణ రకం నూట యాభై రోజుల పంట, కోతకు నెల ముందు పూత. జూన్ పదికి ఎద చల్లితే ఆ పూత సరిగ్గా హస్త, చిత్త కార్తెల్లో పడుతుంది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ తుపాన్లు అక్టోబరు 12నే వచ్చాయి. 2018లో తిత్లీ 11న. వరి పువ్వు పొద్దున్నే ఎండ కాశాక విచ్చుకుని కాసేపట్లో మూసుకుపోతుంది. ఆ వేళకి వాన కొడితే పుప్పొడి కొట్టుకుపోయి గింజ పట్టదు. తిత్లీ తర్వాత మా మడిలో కంకులు గోధుమరంగుకి తిరిగి నిటారుగా నిలబడ్డాయి. కోత దాకా ఒక్కటీ తల వంచలేదు. అది కళ్లారా చూసినవాణ్ణి. అప్పట్నుంచి జూలై మొదటి వారం దాటకుండా ఆకు పోస్తాను, అంతకుముందు పొయ్యను. పూత స్వాతికి వస్తుంది.

చీపురుపల్లి చెరువు కింద:
అన్నా, మీకు నాగావళి ఉంది కాబట్టి స్వాతి అంటున్నారు. మాకు నవంబరులో చెరువు అడుగంటుతుంది. పాలుపోసుకునే వేళ మడి బీటలు వారితే అదీ తాలే కదా? తుపాను ఏడాది విడిచి ఏడాది రావచ్చు, మా బీటలు మాత్రం ఏటా ఉన్నాయి. శివారువాళ్లదీ మాలాంటి బాధే. ఎద చల్లు తమ్ముడూ, కానీ స్వర్ణ వద్దు. ఎంటీయూ 1010 రకం చల్లు. నూట ఇరవై రోజులే, పూత సెప్టెంబరులో అయిపోతుంది.

బూర్జ పల్లం:
పూత గట్టెక్కుతుంది, ఒప్పుకుంటాను. కోత మాత్రం అక్టోబరు వానల్లో పడుతుంది. కోసి పరిచిన పనల మీద నీళ్లు నిలిస్తే ధాన్యం మొలకెత్తదా?

టెక్కలి శివారు:
స్వర్ణ సబ్-1 అయితే? రెండు వారాలు మునిగినా తట్టుకుంటుందంటున్నారు.

బూర్జ పల్లం:
తట్టుకుంటుంది, కానీ పిలకల దశలో. మునిగినప్పుడు ఎదగడం ఆపేసి బలం దాచుకుంటుంది, నీరు తీశాక మళ్లీ చిగురిస్తుంది. పూతలో మునిగితే ఏ రకమైనా ఒకటే. నీళ్లు బురదగా ఉంటే ఆ రెండు వారాలు కూడా నమ్మకు, ఆకుకి వెలుతురు అందదు. వరద తీయగానే ఆకుల మీద ఒండ్రు కడిగి, మడిలో నీళ్లు తీసేశాకే యూరియా వెయ్యి.

టెక్కలి శివారు:
సరే అన్నా. మెరక ఎకరంలో 1010 ఎద చల్లుతాను. పల్లం మడికి సబ్-1 ఆకు రెండు దఫాలుగా, పదిహేను రోజుల తేడాతో పోస్తాను. ఊద సంగతి మా ఆవిడా నేనూ చూసుకుంటాం. నాన్నకి ఇంకా చెప్పలేదు.