వైజాగ్‌లో అమ్మతో ఉన్నాను, ఇంకా రెండు రోజులు. కాస్త దారి చెప్పండి

అందరికీ నమస్కారం. మాది నిజామాబాద్. అమ్మకు అరవై దాటాయి, సముద్రం చూడటం ఇదే మొదటిసారి. నిన్న దిగాం, మంగళవారం రాత్రి తిరుగు రైలు.

ఆన్‌లైన్‌లో "సీ వ్యూ" అని చూసి రూమ్ బుక్ చేశాను. వచ్చి చూస్తే కిటికీకి అడ్డంగా పక్క బిల్డింగ్ గోడ. రెండు రోజుల అడ్వాన్స్ తిరిగి ఇవ్వం అన్నారు. మనసు చాలా కష్టపడింది. కానీ పొద్దున ఐదున్నరకి ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే, అమ్మ చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని చీలమండల దాకా నీళ్లలో నిలబడి, ఎంత పిలిచినా రాలేదు. ఒక చెప్పు అలకి కొట్టుకుపోయింది, అయినా నవ్వుతూనే ఉంది. సాయంత్రం ఇరవై రూపాయల ముంత మసాలా ఇద్దరం పంచుకున్నాం.

ఇప్పుడు చేతిలో మూడు వేలున్నాయి. రేపు సోమవారం, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి సెలవు కాబట్టి అది మంగళవారం పెట్టుకున్నాం. లోపల దారి ఇరుకని విన్నాను, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెళ్లగలరా? రేపు సిటీ బస్సులో భీమిలి వెళ్దామనుకుంటున్నాం. రుషికొండ మీదుగా సముద్రం పక్కనే వెళ్లే బస్సు ఏది, ఏ వైపు కూర్చుంటే బాగా కనిపిస్తుంది?

ఇంకో టెన్షన్. నా ఫోన్ ఉప్పునీళ్లలో పడింది. వెంటనే ఆపేశాను, ఛార్జింగ్ పెట్టలేదు. అమ్మ ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. ద్వారకానగర్ వైపు నమ్మకంగా బాగుచేసేవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. ఇది అమ్మ ఫోన్ నుంచి రాస్తున్నాను.