పేర్ల పక్కన కిలోలు రాసే బోర్డు ఉండాలా? పలాస జీడి పని మీద చర్చ

మందస అమ్మాయి:
మా అమ్మ కాశీబుగ్గలో ఒక జీడి యూనిట్లో పీలింగ్‌కి, అంటే జీడిపప్పు మీది పొట్టు తీసే పనికి వెళ్తుంది. కిలో లెక్కన కూలి. ఈమధ్య అక్కడ గోడకి బోర్డు పెట్టి, ఎవరెన్ని కిలోలు తీశారో పేర్లతో రాస్తున్నారు. తక్కువైన రోజు అమ్మ ఇంటికొచ్చి "నా చేతుల్లో పస పోయిందే" అంటుంది. పప్పు సరిగా ఆరకపోతే పొట్టు అంటుకుపోతుంది, ఆ రోజు అందరికీ తగ్గుతుంది. అది తెలిసి కూడా తప్పంతా తనదే అనుకుంటుంది. రేటు పెంచాలా వద్దా అన్నది వేరే గొడవ. మనిషిని కిలోల్లో కొలిచి గోడకెక్కించడం సరైనదేనా?

కాశీబుగ్గ యూనిట్:
చిన్న యూనిట్ నడుపుతున్నాను కాబట్టి చెప్తున్నా తల్లీ. కిలో లెక్క తీసేస్తే ముందు నష్టపోయేది చేయి తిరిగినవాళ్లే. పిల్లల్ని బడికి పంపించి ఆలస్యంగా వచ్చేవాళ్లకీ, పెందలాడే వెళ్లిపోయేవాళ్లకీ ఆ లెక్కే వీలు. ఇక బజారు సంగతి. 320 గ్రేడు అంటే పౌను బరువుకి, అంటే అరకిలోకి కాస్త తక్కువకి, 300 నుంచి 320 గుండ్లు (విరగని నిండు పప్పులు) తూగాలి. గుండు విరిగితే తక్కువుండే బద్ద ధరే వస్తుంది, ఆ తేడా నా నెత్తినే పడుతుంది. ఎవరి పని ఎలా ఉందో చూసుకోకుండా యూనిట్ నడవదు.

పీలింగ్ అప్ప:
మా అబ్బాయి టైపు చేసి పెడతన్నాడు. బోర్డు మీద నా పేరు పైనుంటే నాకు బాగుంటాది, అబద్ధమాడను. గుండు ఇరక్కుండా పొట్టు తియ్యడం అందరికీ రాదు. కానీ మా వరసలో ఒక అప్పకి, అదే అక్కకి, కిడ్నీ జబ్బు. మా ఉద్దానంలో అదేటో చెప్పక్కర్లేదు కదా. ముందు నాకన్నా ఎక్కువ తీసేది. ఇప్పుడు కాళ్లు పొంగిపోయి కూకోలేదు. బోర్డులో అడుగునుంటాది. సాయంత్రం అందరం తూకం ఏయించుకుని ఎల్లిపోయినాకే కాటా కాడికొస్తాది. ఓ రోజు నా గిన్నెలో పప్పు రెండు గుప్పిళ్లు ఆవిడ గిన్నెలో ఏసినాను. సూపర్వైజరు చూసి నలుగురిలో కేకలేసినాడు. ఆ పప్పు నాను తీసిందే, నాకొచ్చే కూలే. దాంట్లో దొంగతనం ఏటుంది?

టెక్కలి మాస్టారు:
ఈ అమ్మ రాసింది చదివాక వాదించడానికేమీ మిగల్లేదు నాకు. పని మనిషికి పరాయిదైపోవడం గురించి మార్క్స్ 1844లోనే రాశాడు. ఇక్కడ అది ఇంకో మెట్టు దిగింది. తోటి మనిషికి చేసిన సాయం కూడా లెక్కలో తప్పుగా తేలుతోంది.

యూనిట్ బాబుగారికి ఒక మాట. కిలో లెక్క ఉంచండి, కాదనను. కానీ రోజు లెక్కన కనీస వేతనం నిర్ణయించిన పనిలో, పీసు రేటు మీద, అంటే ఇలా కిలో లెక్కన చేసేవారికైనా అంతకన్నా తగ్గించి ఇవ్వకూడదని 1948 కనీస వేతనాల చట్టం 17వ సెక్షన్ చెప్పింది. 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. ముందు ఆ కనీస వేతనం ఇవ్వండి. ఆపైన ఎక్కువ తీసినవాళ్లకి ఎక్కువ ఇవ్వండి. అప్పుడు ఈ అమ్మ పనితనానికి విలువ ఉంటుంది, ఆ అప్ప జబ్బుతో తక్కువ తీసిన రోజూ కూలి ఉంటుంది.

కాశీబుగ్గ యూనిట్:
గుప్పెడు పప్పుకి కేకలేయడం తప్పే, అది మాత్రం ఎవరు చేసినా ఒప్పుకోను. మీరు చెప్పిన కనీస వేతనం నేనొక్కణ్ణే ఇస్తే పక్క యూనిట్ల రేటుకి నేను పప్పు అమ్మలేను మాస్టారూ. జీడి పిక్క దొరక్క యూనిట్ మూతేసే నెలలు కూడా చూడండి.

మందస అమ్మాయి:
ఆ నెలల్లో మా అమ్మకి కూలే లేదు బాబుగారూ, ఆ నష్టం తనూ మోస్తోంది. కూలి సంగతి నలుగురు యజమానులూ కూర్చుని తేల్చాలి, నిజమే. బోర్డు తియ్యడానికి పక్క యూనిట్‌ని అడగక్కర్లేదు కదా? ఎవరి కిలోలు వాళ్ల పుస్తకంలో రాసివ్వండి. కొత్తగా వచ్చిన గుంటలకి, అదే పిల్లలకి, పని నేర్పిన పూట మా అమ్మకి కిలోలు తగ్గుతాయి. ఆ పూటకి కూలి కట్టివ్వండి. ఈ రెండూ మీ ఒక్కరి చేతిలోవే.

కాశీబుగ్గ యూనిట్:
పుస్తకం పద్ధతి పెడతాను. నేర్పిన పూటకి ఎంతివ్వాలో మా ఆడవాళ్లనే అడుగుతాను. కనీస వేతనం మీద మాత్రం నా మాట అదే.

టెక్కలి మాస్టారు:
నా మాటా అదే. చట్టం ఉన్నది పక్క యూనిట్‌కీ కదా. మీ యజమానుల మీటింగులో ముందు మీరే ఎత్తండి.